తెగిన బెల్టు, తిప్పిన మీటరు

పోయిన వారం మా సైట్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు, మన తణుకు వైపు వాడే, కారు కొనుక్కొచ్చి చూపించాడు. 2006 మోడల్ జపాన్ బండి. "బాబాయ్, మొన్ననే వారెంట్ పాసయ్యింది, ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు. క్యామ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడిగావా అన్నాను. "ఫ్యాన్ బెల్టా?" అన్నాడు.

వాడికి మధ్యాహ్నం భోజనాల టైమ్‌లో చెప్పిందే ఇక్కడ కొంచెం సర్ది రాస్తున్నా. పొడుగు పోస్టు, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు బెల్టు సంగతి. ఇంజన్లో కింద క్రాంక్ షాఫ్టు, పైన క్యామ్ షాఫ్టు ఉంటాయి. కిందది రెండు చుట్లు తిరిగేసరికి పైది సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. పిస్టన్ పైకి వచ్చే టైమ్‌కి వాల్వులు మూసుకుని దారి ఇవ్వాలి కాబట్టి ఈ లెక్క. నిమిషానికి మూడు వేల చుట్ల మీద నడుస్తున్నప్పుడు కూడా ఒక్క పన్ను అటూ ఇటూ అవ్వకూడదు. ఆ రెండు షాఫ్టుల్ని కలిపి పట్టుకునేది టైమింగ్ బెల్టు, ఇక్కడోళ్లు క్యామ్ బెల్టు అంటారు. మా ఊళ్లో రైస్ మిల్లు బెల్టు జారిపోతే మిల్లు ఆపి మళ్లీ ఎక్కించేవారు, ఓ పావుగంట పని. ఈ బెల్టు జారితే ఎక్కించడానికి ఏమీ మిగలదు. కొన్ని ఇంజన్లలో వాల్వుకీ పిస్టన్‌కీ తగలకుండా సందు ఉంటుంది, వాటిలో బండి ఆగిపోవడంతో సరిపోతుంది. సందు లేని వాటిలో పిస్టన్ వెళ్లి తెరుచుకుని ఉన్న వాల్వుని కొడుతుంది. వాల్వులు మేకులు వంగినట్టు వంగిపోతాయి.

అసలు కార్లలో ఈ రబ్బరు బెల్టు మొదట్నుంచీ లేదండీ. పాత బళ్లన్నీ గొలుసో, పళ్ల చక్రాలో. మన అంబాసిడర్‌లో గొలుసే. పళ్లున్న రబ్బరు బెల్టుని 1940లలో అమెరికాలో కనిపెట్టింది కుట్టు మిషన్ కోసం. పైన సూదీ కింద దారం పట్టే కొక్కీ ఒకే తాళంలో ఆడాలి కదా, మామూలు బెల్టు జారుతుందని పళ్లు పెట్టారు. దాన్ని మామూలు జనం కొనే కారులోకి తెచ్చింది జర్మనీలో డింగోల్ఫింగ్ అనే ఊళ్లోని గ్లాస్ అనే కంపెనీ. గ్లాస్ 1004 అనే ఆ బండి 1960ల మొదట్లో వచ్చింది. ఆ కంపెనీ అంతకుముందు పొలంలో విత్తనాలు వేసే గొర్లు చేసేది! తర్వాత స్కూటర్లు, తర్వాత చిన్న కార్లు. 1966లో బీఎండబ్ల్యూ వాళ్లు కొనేశారు. అదే ఏడాది ఇటలీలో ఫియట్, అమెరికాలో పాంటియాక్ కూడా బెల్టు ఇంజన్లు దింపాయి. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, నూనె అక్కర్లేదు, అన్నిటికంటే ముందు ఖర్చు తక్కువ. 1980లకి జపాన్ బళ్లలో చాలా వాటికి బెల్టే. మన మారుతి 800, 1983 డిసెంబర్‌లో వచ్చింది కదా, అందులోనూ బెల్టే.

బెల్టుతో చిక్కేంటంటే దానికి గేజీ లేదు. టైరు అరిగితే కంటికి కనపడుతుంది. బ్రేకు ప్యాడ్ అరిగితే కీచుమంటుంది. గొలుసు సాగితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గలగలమంటుంది. బెల్టు మూత వెనకాల చీకట్లో ఉంటుంది, తెగేదాకా మాట్లాడదు. టొయోటా వాళ్ల కొన్ని డీజిల్ బళ్లలో, హైలక్స్ లాంటి వాటిలో, డ్యాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని లైటు వెలుగుతుంది. చూసినోళ్లు అది బెల్టుని చూసి చెప్తోంది అనుకుంటారు. అది బెల్టుని చూడదండీ, కిలోమీటర్లు లెక్కపెడుతుంది అంతే. అంటే బెల్టు బతుకంతా రెండే లెక్కల మీద ఉంది: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నేళ్లయ్యింది. జపాన్ బళ్లకి మామూలుగా లక్ష కిలోమీటర్లు. రబ్బరు కాబట్టి తిరక్కుండా కూర్చున్నా ఏళ్ల మీద ఎండిపోతుంది. ఈ రెండు లెక్కల్లో ఒకటి దొంగదైతే? న్యూజిలాండ్‌లో కార్ల చరిత్ర తెలిస్తేగానీ ఇది అర్థం కాదు.

ఈ దేశం ఒకప్పుడు కార్లు తనే బిగించుకునేది. పెటోనీలో జనరల్ మోటార్స్ 1926లో, లోయర్ హట్ దగ్గర సీవ్యూలో ఫోర్డ్ 1936లో ఫ్యాక్టరీలు పెట్టాయి. విడిభాగాలు పెట్టెల్లో ఓడ మీద వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. 1938లో దిగుమతులకి లైసెన్సు పద్ధతి పెట్టారు. ఇంకేముంది, మన దగ్గర బజాజ్ చేతక్ స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసినట్టే ఇక్కడోళ్లు కారు కోసం ఎదురుచూశారు. విదేశాల్లో డబ్బున్నవాడికి కారు ముందు దొరికేది. ఏడాది వాడిన కారుకి కొత్తదాని కంటే ఎక్కువ రేటు పలికిన రోజులున్నాయని మా పాత ఫోర్‌మన్, ఇక్కడ పుట్టి పెరిగిన తెల్లాయన, చెప్పేవాడు. నేను నవ్వితే, నీకు నవ్వొస్తుంది కానీ మా నాన్నకి రాలేదు అనేవాడు. ఆ కాలంలో కారు తరతరాలు వాడేవారు, పక్కింటోళ్లకి కూడా దాని జాతకం తెలిసేది.

1980ల చివర ఆ గేట్లు తీశారు. జపాన్‌లోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగ్ కుడి పక్క ఉంటుంది. అక్కడ షాకెన్ అని తనిఖీ ఉంది. కొత్త బండికి మూడేళ్లకి, తర్వాత రెండేళ్లకోసారి. ఫీజులూ, బరువు పన్నూ, ఇన్సూరెన్సూ, రిపేర్లూ కలిపి ఖర్చు వాచిపోతుంది. అందుకని ఇంకా బాగున్న బండినే వదిలించుకునేవారు ఎక్కువ. ఆ బళ్లన్నీ ఓడలెక్కి ఆక్లాండ్‌లో దిగాయి. 1998 మే నెలలో కార్ల మీద దిగుమతి సుంకం పూర్తిగా ఎత్తేశారు. ఆ ఏడాదే పోరిరువాలో మిత్సుబిషీ, థేమ్స్‌లో టొయోటా, నెల్సన్‌లో హోండా, ఆక్లాండ్ వీరిలో నిస్సాన్, నాలుగు ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. థేమ్స్ ఫ్యాక్టరీలో తర్వాత ఏం చేశారో తెలుసా? జపాన్ నుంచి వచ్చిన పాత టొయోటాలని శుభ్రం చేసి మళ్లీ అమ్మకానికి సిద్ధం చెయ్యడం.

మంచే జరిగింది అని నేనూ అంటాను. కారు కొనలేని కూలివాడు కొనగలిగాడు. మనలాంటోళ్లం వచ్చిన మూడో నెలకే కారెక్కుతున్నామంటే ఆ గేట్లు తీసినందువల్లే. 2003 ప్రాంతంలో ఏడాదికి లక్షన్నర దాకా పాత కార్లు దిగాయి. కానీ కారుతో పాటు దాని జాతకం రాలేదు. సర్వీసు పుస్తకం జపాన్ భాషలో ఉంటుంది, లేదా పుస్తకమే ఉండదు. మిగిలింది మీటరు మీద అంకె ఒక్కటే. దాన్ని కూడా కొందరు వెనక్కి తిప్పారు. 1990లలో ఈ మీటరు తిప్పుడు ఇక్కడ పెద్ద రచ్చ. కామర్స్ కమిషన్ 1986 నాటి ఫెయిర్ ట్రేడింగ్ చట్టం కింద డీలర్లని కోర్టుకి లాగింది. పేపర్లు రాసినదంతా డబ్బు మోసం గురించే, తక్కువ తిరిగిన బండని ఎక్కువ రేటుకి అంటగట్టారని. నాకు అసలు భయం అది కాదు. మీటరు తిప్పినవాడు బెల్టుని తిప్పలేడు కదా.

ఇప్పుడు నా కథ. 2009. నేనొచ్చి ఏడాది. ఒక డీలరు దగ్గర, పేరు అనవసరం, 3,800 డాలర్లు పెట్టి జపాన్ స్టేషన్ వాగన్ కొన్నాను. మీటరు మీద 88,000. లక్షకి బెల్టు మార్పించాలని సైట్‌లో ఎవరో చెప్తే గుర్తుపెట్టుకున్నాను. ఇంకా 12,000 ఉంది కదా, దసరాకి చూద్దాం అనుకున్నా. ఒకరోజు తెల్లవారుజామున నేనూ, ఇంకో ముగ్గురూ హామిల్టన్ సైట్‌కి బయల్దేరాం. బాంబే కొండల దగ్గర మోటర్‌వే మీద ఎక్కుడు ఉంటుంది. మన బాంబే కాదండీ, 1863లో వలస జనాన్ని తెచ్చిన ఓడ పేరు అది. ఎక్కుడు దాటి దిగుతుంటే లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ. ఇంజన్ చచ్చిపోయింది. బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు అన్నీ ఒకేసారి వెలిగాయి. స్టీరింగ్ సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది. బ్రేకు మొదటిసారి పట్టింది, రెండోసారి సగం పట్టింది, మూడోసారి రాయి తొక్కినట్టుంది. అప్పుడు తెలీదు, తర్వాత తెలిసింది: పెట్రోలు బండికి బ్రేకు నొక్కే సాయం ఇంజన్ పీల్చే గాలి నుంచి వస్తుంది, ఇంజన్ ఆగితే నిల్వ ఉన్నది ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. వెనకాల పాల ట్యాంకరు, హారన్. పక్కన కూర్చున్న ఫిజీ కుర్రాడు హ్యాండ్ బ్రేకు లాగుతూ, నేను రెండు చేతులా స్టీరింగ్ తిప్పుతూ ఎలాగో పక్క లైన్లోకి తెచ్చి ఆపాం. నలుగురం ఐదు నిమిషాలు మాట్లాడుకోలేదు.

మెకానిక్ ఫిజీ ఇండియన్ పెద్దాయన. మూత విప్పి చూపించాడు. బెల్టు పళ్లు ఒక జానెడు మేర నున్నగా కొరుక్కుపోయాయి, వాల్వులు వంగిపోయాయి. మీటరు మీద అప్పుడు 94,000. "భయ్యా, ఇది చదవడం వచ్చా?" అని బానెట్ కింద మూల అతికించిన చిన్న స్టిక్కరు చూపించాడు. జపాన్ అక్షరాలు, మధ్యలో అంకెలు. బెల్టు మార్చినప్పుడు అక్కడి గరాజులోళ్లు తారీఖూ, కిలోమీటర్లూ రాసి అతికిస్తారంట. అందులో హెచ్ 12 అని, 1,02,300 అని ఉంది. హెచ్ అంటే హైసేయి, వాళ్ల చక్రవర్తి గారి శకం. మనకి ప్రభవ, విభవ అని ఏళ్లకి పేర్లున్నట్టు వాళ్లకి రాజుని బట్టి లెక్క. హైసేయి 1 అంటే 1989. హెచ్ 12 అంటే 2000. అంటే 2000 సంవత్సరంలోనే ఈ బండి 1,02,300 తిరిగింది. నేను కొన్నప్పుడు మీటరు 88,000 చూపించింది. లక్షకి ఇంకా ఆరు వేలుందని నేను నడుపుతున్న బెల్టు ఎంత తిరిగిందో దేవుడికే తెలియాలి.

రిపేరు ఖర్చు బండి ఖరీదు దాటింది. 200 డాలర్లకి తుక్కు వాళ్లకి ఇచ్చేశాను. పెద్దాయన స్టిక్కరు ఫోటో తీసి ఇచ్చి, కంప్లయింట్ ఇవ్వు అన్నాడు. నేను ఇవ్వలేదు. అప్పుడు నా వీసా కంపెనీతో ముడిపడి ఉంది. కంప్లయింట్ అంటే కోర్టు, కోర్టు అంటే ఇమిగ్రేషన్ వాళ్లకి తెలుస్తుంది, తెలిస్తే పంపించేస్తారు అని నాకు నేనే లెక్క వేసుకున్నా. ఎవరూ చెప్పలేదు, భయమే చెప్పింది. ఏడాది తర్వాత అదే డీలరు దగ్గర మన కుర్రాళ్లు ఇద్దరు కార్లు కొన్నారని విన్నాను. ఆ ఫోటో అప్పటికీ నా ఫోన్‌లోనే ఉంది. ఇది నేను గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

చట్టం లేక కాదండీ. 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం ప్రకారం డీలరు అమ్మిన బండి, దాని వయసుకీ ధరకీ తగ్గట్టు, పనికొచ్చేలా ఉండాలి. "ఉన్నది ఉన్నట్టే, తర్వాత నాకు సంబంధం లేదు" అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నా మామూలు వాడకందారు దగ్గర అది చెల్లదు. 2003 నాటి మోటార్ వెహికల్ సేల్స్ చట్టం కింద మోటార్ వెహికల్ డిస్‌ప్యూట్స్ ట్రిబ్యునల్ ఉంది, లక్ష డాలర్ల దాకా గొడవలు వింటుంది. అక్కడ చట్టం తెలిసినాయన ఒకరు, బళ్ల పని తెలిసిన అసెసర్ ఒకరు కూర్చుంటారు. లాయరు అక్కర్లేదు. 2019లో కాకినాడ కుర్రాడొకడికి కొన్న అయిదో వారానికే ఇంజన్ పోతే నేను వెంట వెళ్లాను. ఆ అసెసర్ బెల్టు ముక్క చేతిలోకి తీసుకుని వంచి చూసి, వెనకవైపు పగుళ్లని గోటితో గీకి, డీలర్ని రెండే ప్రశ్నలు అడిగాడు. డబ్బు వాపసు ఇమ్మని తీర్పు వచ్చింది. వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. పది నిమిషాలు బయట కార్ పార్కులో నిలబడి ఉండిపోయాను, వాడు స్వీట్లు కొనడానికి వెళ్లాడు. ఒకటి గుర్తుంచుకోండి, ఈ ట్రిబ్యునల్ డీలర్ల మీదే. ఫోన్‌లో ప్రకటన చూసి ఎవరింటి ముందో కొన్న బండికి ఈ రక్షణ రాదు, అది వేరే దారి, చాలా ఇరుకు దారి.

మరి వారెంట్ ఉంది కదా అంటారు. వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ ఇక్కడ 1937 నుంచీ ఉంది. 2014లో, 2000 జనవరి తర్వాత మొదటిసారి రిజిస్టరైన బళ్లకి ఏడాదికోసారి చేశారు, అంతకంటే పాతవాటికి అప్పుడు ఆరు నెలలే ఉంచారు. టైర్లు, బ్రేకులు, లైట్లు, తుప్పు, సీటు బెల్టులు, స్టీరింగ్, ఇవన్నీ చూస్తారు. ఇంజన్, క్లచ్, గేర్ బాక్సు చూడరు. అది వాళ్ల పని కాదని సర్కారు వాళ్లే రాసి పెట్టారు. కాబట్టి వారెంట్ కాగితంలో క్యామ్ బెల్టు గురించి ఒక్క అక్షరం ఉండదు. ఒక్క మేలు ఏంటంటే వారెంట్ చేసిన ప్రతిసారీ మీటరు అంకె రికార్డులోకి ఎక్కుతుంది. నంబరు ప్లేటు కొట్టి ఆ అంకెలు వరసగా చూడొచ్చు. ఇక్కడికొచ్చాక తిప్పితే దొరికిపోతాడు, రాకముందు తిప్పితే మాత్రం స్టిక్కరే దిక్కు.

చూసే వాటినైనా సరిగ్గా చూస్తున్నారా అన్న ప్రశ్న కూడా వచ్చింది. 2018 జనవరిలో డార్గవిల్ దగ్గర ప్రమాదంలో ఒకాయన చనిపోయాడు. ఆయన పెట్టుకున్న సీటు బెల్టు చిరుగులు పట్టి ఉండి తెగిపోయింది. ఆ కారుకి అంతకు కొంత ముందే వారెంట్ ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబర్‌లో తెలిసిందేంటంటే, రవాణా సంస్థ దగ్గర ఇలాంటి నిబంధనల ఉల్లంఘన ఫైళ్లు 850 దాకా తేలకుండా పడి ఉన్నాయి. వాటిని చూడ్డానికి బయటి లాయర్ల కంపెనీని పెట్టాల్సొచ్చింది. దేశమంతా వారెంట్ ఇచ్చే గరాజుల మీద దాడులు, రద్దులు. డిసెంబర్‌లో సంస్థ పెద్ద అధికారి రాజీనామా చేశాడు, మరుసటి ఏప్రిల్‌లో ఛైర్మన్ వెళ్లిపోయాడు. కాగితాలు ముందు నుంచే ఉన్నాయండీ. చదివినవాళ్లు లేరు.

అదే 2018 ఏప్రిల్‌లో తకాటా ఎయిర్‌బ్యాగుల మీద ఇక్కడ బలవంతపు రీకాల్ వచ్చింది, సుమారు 50,000 బళ్లు. కంపెనీ కొత్తగా అమ్మిన బండికైతే చిరునామా ఉంటుంది. జపాన్‌లో అమ్మి, ఓడెక్కి, ఇక్కడ నాలుగు చేతులు మారిన బండికి ఉత్తరం ఎవరికి వెయ్యాలి? అందుకే చట్టంతో కొట్టాల్సొచ్చింది.

బెల్టు కథ అక్కడితో ఆగలేదు. 2000 తర్వాత టొయోటా లాంటి వాళ్లు చిన్న బళ్లలో మళ్లీ గొలుసుకి వెళ్లారు. హమ్మయ్య అనుకుంటే ఇంకో రకం వచ్చింది, ఇంజన్ నూనెలోనే మునిగి తిరిగే బెల్టు. ఫోర్డ్ ఒక లీటరు ఎకోబూస్ట్, ప్యూజో-సిట్రోయెన్ల 1.2 ప్యూర్‌టెక్ అలాంటివే. ప్యూర్‌టెక్‌లో బెల్టు నూనెలో నాని పొడిపొడిగా రాలి, ఆ పొడి బ్రేకుకి సాయం చేసే పంపుకి అడ్డుపడొచ్చని తేలింది. 2023 డిసెంబర్‌లో ఫోర్డ్ అమెరికాలో 1,39,730 బళ్లు వెనక్కి పిలిచింది. ఆయిల్ పంపు బెల్టు దగ్గర టెన్షనర్ విరిగితే నూనె ఒత్తిడి పోయి ఇంజన్ ఆగుతుంది, బ్రేకు సాయం పోతుంది. బాంబే కొండల మీద నాకు జరిగిందే, మక్కీకి మక్కీ. ఆ బళ్లలో ఎకోస్పోర్టులున్నాయి. అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్టు ఎక్కడ తయారైందో తెలుసా? మన చెన్నై పక్కన మరైమలై నగర్‌లో. అమెరికాలో బండి యజమాని ఎవరైనా సరే సర్కారు వెబ్‌సైట్లో నేరుగా కంప్లయింట్ రాయొచ్చు, మిగతావాళ్లు అది చదవొచ్చు. ఒకే మాట పది మంది రాస్తే లెక్క తేలుతుంది. ఇండియాలో రీకాల్‌కి చట్టం 2019 సవరణతో వచ్చి, 2021 ఏప్రిల్ నుంచి అమలైంది. అంతకుముందు కంపెనీల ఇష్టమే.

ఇంక తణుకు కుర్రాడి బండి. భోజనం అయ్యాక ఫోన్ లైటు వేసి బానెట్ కింద వెతికాం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన మట్టి పట్టిన స్టిక్కరు దొరికింది. తడి గుడ్డతో తుడిస్తే హెచ్ 25, 81,000. అంటే 2013. మీటరు మీద 1,63,000. కిలోమీటర్లు చూస్తే ఇంకా 18,000 ఉంది, ఏళ్లు చూస్తే పన్నెండు. వాడు "బాబాయ్, ఇంకా టైమ్ ఉందిగా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు, నా ఫోన్‌లో పాత ఫోటో తీసి చూపించాను. శనివారానికి గరాజులో బుక్ చేశాడు. బెల్టుతో పాటు టెన్షనరూ, వాటర్ పంపూ కూడా మార్చెయ్యమన్నాను, ఎలాగూ అంతా విప్పుతారు, మళ్లీ కూలి దండగ. అన్నీ కలిపి 1,200 డాలర్లు చెప్పారు. వాడి రెండు వారాల మిగులు అది, నాకు తెలుసు.

మీ బళ్లకి కూడా బానెట్ కింద ఇలాంటి స్టిక్కరు ఉంటే ఫోటో తీసి పెట్టండి. హెచ్ పక్కన ఉన్న అంకెకి 1988 కలుపుకుంటే ఏడాది వచ్చేస్తుంది. 2019 మే తర్వాతవైతే ఆర్ అని ఉంటుంది, కొత్త రాజుగారి శకం, దానికి 2018 కలపండి. అంకెలు సరిగ్గా కనపడకపోతే నేను చూసి చెప్తాను, రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీ.